వంటింటి అలమారు తలుపులు, సొరుగు పలకలు: మార్పిడి కొలతలు

వంటింటి అలమారు చట్రమును యథాతథముగ నిలిపి, జీర్ణించిన తలుపులను, సొరుగుల ముందుపలకలను మాత్రమే నూతనముగ అమర్చుటకు పూర్వము జరుపవలసిన పరిమాణనిర్ణయము ఈ వ్యాసమునకు విషయము. కొత్త తలుపునకు ప్రమాణము పాత తలుపు కాదు, అది మూయవలసిన అర ద్వారమే యనునది ఇందు మూలసూత్రము. ఏలయన పాత తలుపు తేమకు ఉబ్బి, ఎండకు ముడిచి, పలుమారులు చిత్రిక పట్టబడి తన తొలిరూపమును కోల్పోయి యుండును.

స్థలవిశేషము. 1591లో వెలసిన చార్మినారు చుట్టును విస్తరించిన హైదరాబాదు పాతబస్తీలో, దళసరి సున్నపు గోడలయందు గూళ్లు విడిచి వానికి టేకు తలుపులు బిగించిన ప్రాచీన గృహములును, వంటగట్టు క్రింద కడప బండలతో అరలు నిలిపి, ఆ బండలకు మేకు దిగదు గనుక ముందు కొయ్యచట్రము బిగించి, ప్లైవుడ్డు తలుపులు తగిలించిన తరువాతి కాలపు వంటిండ్లును ప్రక్కప్రక్కనే కానవచ్చును. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ (పాలన 1869–1911) వస్త్రములకై పురానీ హవేలీలో ఒక పార్శ్వము పొడవునను రెండంతస్తులుగ నిర్మితమైన కొయ్య అలమారుల వరుసను చూచినవారికి, అనేక కవాటములు ఒకే పంక్తిలో నిలిచినపుడు స్వల్పమైన హెచ్చుతగ్గు సైతము కంటికి తగులునని బోధపడును.

మానము. 1956 నాటి చట్టముతో దేశమున మెట్రిక్ పద్ధతి ప్రవేశించినను, ఇచ్చటి మిస్త్రీలు అంగుళమును 8 సూతులుగ విభజించి లెక్కించుట మానలేదు. 6 సూతుల పలక యనగా సుమారు 19 మి.మీ. మందము. అంగుళము 25.4 మి.మీ. కాగా, దానిని 25గా గ్రహించినచో 30 అంగుళముల తలుపునకు 12 మి.మీ. కొఱత వచ్చును. కావున ఆరంభము నుండి అంతము వఱకు ఒకే మానమును, ఒకే టేపును వాడవలెను.

కొలుచు విధము. ద్వారపు వెడల్పును పైన, నడుమ, క్రింద, ఎత్తును ఎడమ, నడుమ, కుడి కొలిచి, తలుపు చట్రము లోపల ఇమిడెడిదైనచో మూటిలో కనిష్ఠమును గైకొనవలెను. రెండు కర్ణములు సమానము కానిచో చట్రము మూలమట్టమునకు లేదని గ్రహించి, ముందుగ దానిని సరిచేయుట మేలు. 450 మి.మీ. వెడల్పుగల ద్వారములో ఇమిడెడి ఒంటి తలుపునకు ఇరుప్రక్కల రెండేసి మి.మీ. సందు విడిచిన 446 మిగులును. అదే తలుపు చట్రముపై ఇరుప్రక్కల 15 మి.మీ. చొప్పున కప్పవలసినదైనచో 480 కావలెను. 900 మి.మీ. ద్వారమునకు అట్లే కప్పెడి జంట తలుపులైనచో, 930లో నడిమి సందు 3 తీసివేయగా ఒక్కొక్క రెక్క 463.5 మి.మీ. అగును.

సొరుగులు, బందులు. సొరుగు పలకలను విడివిడిగ గాక, నిలువు వరుస నంతటిని ఒకటిగ కొలిచి విభజింపవలెను: 720 మి.మీ. వరుసలో మూడు సమానమైన పలకలకు నడుమ రెండు సందులకు 6 పోగా, ఒక్కొక్కటి 238 మి.మీ. నేటి గిన్నె బందులకు తలుపు వెనుక సాధారణముగ 35 మి.మీ. వ్యాసముగల గుంట తొలిచెదరు. బందు కేంద్రములను తలుపు పైఅంచు నుండియే గుర్తించినచో పాత రంధ్రములు కలిసివచ్చును. అంచుపట్టీ మందము తుదికొలతలో చేరినదో లేదో కోతకు ముందే తెలుపవలెను.

ఋతువు, ఉత్తరువు. గట్టి కొయ్య తలుపు పొడవునకన్న అడ్డమునకు మిక్కిలిగ ఉబ్బును గనుక, ఏప్రిలు, మే నెలల ఎండలో కొలిచినవారు వానకాలపు వ్యాకోచమునకు చోటు విడువవలెను. చీటీలో ప్రతి తలుపునకును సంఖ్య నిచ్చి, ఎత్తు, వెడల్పు అను క్రమమును ఎన్నడును మార్చక, కొయ్యచార నడచు దిశను, బందు నుండు ప్రక్కను లిఖింపవలెను. ఎత్తు వెడల్పులు తాఱుమాఱైనచో చార అడ్డముగ వచ్చి పలక వ్యర్థమగును. ఇట్లు జాగరూకతతో కొలిచినచో, దృఢముగ నున్న పాత చట్రమును పెకలింపక, కొద్దిపాటి వ్యయముతోనే వంటిల్లు నవీనమగును.