గోదా విద్యకు పట్టము

"సూరతులో భోజనము, కాశిలో మరణము" అని గుజరాతీలలో నొక సామెత కలదు. జరీకి, వస్త్రములకు, వజ్రములకు, మిఠాయిలకు పేరొందిన ఆ నగరమును కండబలముతో జోడించి తలచువారు అరుదు. అయినను మన దేశమున వ్యాయామము ఒక విద్యగా మారిన చరిత్రలో సూరతు పేరు తొలిపుటలలోనే కానవచ్చును. నేనీ చరిత్రను తిరుగవేయుటకు కారణము ఒక మిత్రుని లేఖ.

ఆయన సూరతులో కేంద్ర ప్రభుత్వోద్యోగి. కుమార్తె బి.ఏ. ముగించినది. ఇక వ్యాయామ విద్యలో బి.పి.ఎడ్., ఆపై ఎం.పి.ఎడ్. చదువుదునని పట్టుపట్టినది. "ఇంత చదివించినది డ్రిల్లు మాష్టరును చేయుటకా?" అని తాతగారు భోజనము మాని కూర్చుండిరట. "మీరు చరిత్ర చదివినవారు గదా, తాతగారికి చెప్పదగినదేమైన నున్నచో వ్రాయుడు" అని మిత్రుడు కోరెను. నేను వ్రాసిన జాబునే కొంత పెంచి ఈ సంచికకు సమర్పించుచున్నాను.

తాతగారి ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మన గ్రామములలో తాలింఖానాకు గౌరవము లేకపోలేదు. గోదా మట్టిని కన్నులకద్దుకొని దిగెడివారు. వస్తాదు మాట తండ్రిమాటకంటె మిన్నగా నుండెడిది. దండీలు, బస్కీలు తీయించుట, కఱ్ఱసాము నేర్పుట మాత్రమే ఆయన పని కాదు. ఏమి తినవలెనో, ఎంత నిద్రింపవలెనో చెప్పుటయు, బెణికిన కీలు సరిచేయుటయు ఆయన వంతే. ఇంగ్లీషు పాఠశాలలు వచ్చిన పిదప ఆ స్థానమున డ్రిల్లు మాష్టరు నిలిచెను. తఱచుగా ఆయన సైన్యమునుండి విరమించిన సిపాయి. పిల్లలను వరుసలు తీర్చి ఆజ్ఞలు వినిపించుట, లెక్కల పంతులుగారు రానినాడు తరగతి సద్దుమణుగ జేయుట, ఇంతే ఆయన కొలువు. వస్తాదునకు శిష్యులు పాదాభివందనము చేయుదురు. డ్రిల్లు మాష్టరునకు తోటి ఉపాధ్యాయులే కుర్చీ చూపరు. శరీరవిద్యను మనవారెన్నడును మన్నింపలేదనుట సరికాదు. ఆ మన్నన పాఠశాల గుమ్మము దాటి లోనికి రాలేదు.

గుమ్మము దాటినవారిలో మన కోడి రామమూర్తి నాయుడుగారొకరు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పినతండ్రిగారి యింట పెరిగి, తాలింఖానాలో దేహమును పెంచుకొనిరి. ఆయన గుండెలపై ఏనుగును నిలుపుకొన్న సంగతి, ఇనుప గొలుసులు త్రెంచిన సంగతి, వైస్రాయి మింటో కారును కదలనీయలేదను కథ మన ఇండ్లలో పిల్లలకుగూడ తెలియును. లండనులో పంచమ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శనమిచ్చి 'ఇండియన్ హెర్క్యులీస్' అనిపించుకొనిరి. 1942లో బలంగీరులో కన్నుమూసిరి. కాని సర్కసు డేరాకు ముందటి ఘట్టమును ఎవరును అంతగా తలపరు. ఆయన మదరాసు నగరపు సైదాపేటకు పోయి, ఒక సంవత్సరముపాటు వ్యాయామ శిక్షణ పొంది, పత్రముతో తిరిగివచ్చి విజయనగరమున వ్యాయామోపాధ్యాయులైరి. అంతటి బలశాలికి ఆ కాగిత మెందులకు? పాఠశాలకు కండలు చూపిన చాలదు గనుక. దస్త్రములో ధ్రువపత్రము లేనివాడు భీముడైనను నియామకము పొందజాలడని మన సచివాలయమువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

రామమూర్తిగారు బలము సంపాదించి పత్రమునకై పోయిరి. సూరతున పుట్టిన అంబూభాయి పురాణీ పట్టము సంపాదించి గోదాలోనికి దిగిరి. ఆయన జననము 1894 మే 26. బొంబాయి సెయింట్ జేవియర్ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రములలో ఆనర్సు పట్టభద్రులు. ఆ కాలమున అట్టి పట్టమున్నవానికి ప్రభుత్వోద్యోగము ఇంటికి నడచివచ్చెడిది. ఆయన అన్నగారైన ఛోటూభాయి పురాణీతో కలిసి గుజరాతు పట్టణములలో వ్యాయామశాలలు నెలకొల్పుటకు పూనుకొనిరి.

దీని మూలమును గూడ సూరతు చెంతనే వెదకవలెను. 1907 డిసెంబరులో తాపీ నదీతీరమున జరిగిన కాంగ్రెసు మహాసభ, మితవాదులకు అతివాదులకు పొసగక, వేదికపైకి చెప్పు విసరబడి, కుర్చీలు విరిగి చెదరిపోయినది. పిమ్మట అరవింద ఘోష్‌గారు బరోడాకు వచ్చి ఉపన్యసించిరి. విప్లవ మార్గమునకై ఆయన సలహా కోరినవారిలో ఛోటూభాయి ఒకరు. సోదరుల వ్యాయామశాలలు పైకి కుస్తీ పట్లు నేర్పునవి. లోపల దేశమునకై క్రమశిక్షణగల యువకులను సిద్ధపరచునవి. 1918లో అంబూభాయి పుదుచ్చేరికి పోయి అరవిందులను దర్శించిరి. 1923లో అచటనే స్థిరపడి, 1965లో మరణించువరకు ఆశ్రమవాసిగా నుండిరి. ఆ ఆశ్రమమునుండి 1949లో వెలువడిన పత్రిక పేరు వేదాంతమును గూర్చినది కాదు, వ్యాయామ విద్యను గూర్చినది! అరవిందులే అందు వ్రాసిరి.

ఛోటూభాయి పేరిట సూరతుకు ఈశాన్యముననున్న రాజపిప్లాలో ఇప్పుడొక వ్యాయామ మహావిద్యాలయము కలదు. ఒకప్పుడు పోలీసుల కన్నుగప్పి నడచిన పని నేడు హాజరు పట్టీతో, పరీక్షలతో, స్నాతకోత్సవముతో నడచుచున్నది. మిత్రుని కుమార్తె తొలుత కోరినది ఆ కళాశాలనే.

బరోడాలో జుమ్మాదాదా వ్యాయామమందిరమును నడపిన ప్రొఫెసరు మాణిక్‌రావుగారిని గూడ ఇచట స్మరింపవలెను. సామూహిక వ్యాయామమునకు ఇంగ్లీషు ఆజ్ఞలకు మారుగా మన భాషలో ఆజ్ఞలు ఏర్పరచినవారు ఆయన. ఎముకలు కట్టుటలోను అందె వేసిన చేయి. మన పుత్తూరు కట్టు ఎరిగినవారికి ఇది వింతగాదు. ఆ బరోడాలోనే డి.సి. ముజుందారుగారు వ్యాయామమును గూర్చి మరాఠీలో పది సంపుటముల విజ్ఞానకోశమును ప్రకటించిరి. వస్తాదుల నోట నున్నదంతయు పుస్తకమునకెక్కుట అదియే. పుస్తకమునకెక్కనిది విశ్వవిద్యాలయమునకు ఎక్కదు.

ఇక శాస్త్రీయ శిక్షణమాట. 1920లో హ్యారీ క్రో బక్ అను అమెరికను మదరాసులో వై.ఎం.సి.ఏ. పక్షమున వ్యాయామ విద్యా పాఠశాల నారంభించిరి. ఆయన చదువు స్ప్రింగుఫీల్డులో. 1891లో నైస్మిత్ బాస్కెట్‌బాలు ఆటను కల్పించినది ఆ సంస్థలోనే. 1924 పారిస్ ఒలింపిక్సునకు పోయిన భారత జట్టు వెంట బక్ నడచిరి. ఆ మదరాసు కళాశాలలో శిక్షణ పొందినవారు దక్షిణదేశమంతట పాఠశాలల ఆటస్థలములకు చేరిరి. 'ఫిజికల్ డైరెక్టరు' అను బిరుదు మన పల్లెల నోట నానినది వారివలననే.

ఒక్క డిప్లొమా ఏమి చేయగలదో చూడగోరువారు హైదరాబాదు వంక చూడవలెను. సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు ఉస్మానియాలో మావంటి బి.ఏ. వారే. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో ఉపాధ్యాయులై, వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లల ఆటల బాధ్యత వహించిరి. ఎడమకాలు బలహీనమైనవారికి ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు, బంతిని వెంట తీసికొనిపోరాదను నియమముతో పోటీలు పెట్టిరి. ఆటగాని లోపమెచటనున్నదో అచటనే ఆటను కల్పించుట శిక్షణ పొందిన ఉపాధ్యాయుని తెలివి. కేవల క్రీడాకారునకు ఇది తోచదు. ఆయన చేతిలోని హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్సు కప్పు గెలిచినది. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణము పొందినది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో సెమీఫైనలు చేరినది. అన్నిటికిని శిక్షకుడు ఆయనయే. రోగపీడితుడై 1963 జూనులో మరణించిరి. మన దేశపు ఫుట్‌బాలు నాటి స్థానమును మరల అందుకొనలేదు. దేశమునకు రెండు స్వర్ణములు తెచ్చినవాడు బడిపంతులని తాతగారికి వ్రాయునప్పుడు ఈ భాగమును ఎఱ్ఱసిరాతో గీచితిని.

డిప్లొమా డిగ్రీగా మారుట స్వాతంత్ర్యానంతర కథ. 1857 తిరుగుబాటునకు నూరేండ్లు నిండిన 1957లో, ఝాన్సీ రాణి నేలకొరిగిన గ్వాలియరులో, ఆమె పేరిట కేంద్ర ప్రభుత్వము లక్ష్మీబాయి వ్యాయామ కళాశాలను స్థాపించి మూడేండ్ల డిగ్రీ నారంభించినది. 1963లో మాస్టరు పట్టము వచ్చినది. శిక్షకులను తయారుచేయుటకు 1961లో పటియాలా మోతీబాగు రాజభవనమున వేరొక సంస్థ వెలసినది. ఇపుడు శరీర నిర్మాణము, కండరముల చలనము, శ్వాసగతి, క్రీడా మనస్తత్వము, గాయముల నివారణ ఇవన్నియు పాఠ్యాంశములు. అమెరికాలో గాయపడిన క్రీడాకారుని సంరక్షణము ప్రత్యేక వృత్తి. దానివారు 1950లోనే కాన్సాస్ నగరమున జాతీయ సంఘముగా ఏర్పడిరి. పూర్వము వస్తాదు ఒక్కడే చేసిన పనులను నేడు నలుగురు పంచుకొని నాలుగు పట్టములతో చేయుచున్నారు. ఇందు నష్టము లేదనను. నలుగురిలో ఎవరికిని శిష్యుడు రాత్రి ఏమి తినెనో తెలియదు.

ఆడపిల్లమాట మిగిలినది. రామమూర్తిగారి స్వస్థలమున్న నాటి శ్రీకాకుళము జిల్లాలోనే పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళయైనది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపకులపతిగా నియుక్తురాలైనది. డ్రిల్లు మాష్టరునకు కుర్చీ చూపనివారి కాలము నుండి ఇంత దూరము వచ్చితిమి.

జాబు చేరిన పదునైదు దినములకు మిత్రుడు బదులు వ్రాసెను. తాతగారు దానిని రెండుమారులు చదివించుకొని ఏమియు అనలేదట. ప్రవేశమునకు దేహదారుఢ్య పరీక్ష యున్నది గనుక అమ్మాయి వేకువనే తాపీ యొడ్డున పరుగెత్తుచున్నది. మూడవనాటినుండి తాతగారు గడియారము చేతబట్టుకొని గట్టుమీద నిలుచుచున్నారట. నిన్నటికంటె ఏడు సెకండ్లు ఆలస్యమైనదని కోపపడిరట.