గాజుగోళము నుండి కంటిలోని కటకము వరకు

విజయనగర ప్రభువుల కాలమునను, పిమ్మట మధుర నాయకుల యేలుబడిలోను దక్షిణమునకు తరలివచ్చి అవినాశి, కోయంబత్తూరు, మధుర ప్రాంతముల స్థిరపడిన తెలుగువారిలో సేద్యగాండ్రును నేతగాండ్రును పెక్కుమంది. పొలము దున్నువానికిని, మగ్గముపై సన్ననూలు చూచువానికిని కన్నే జీవనాధారము. ఆ కన్ను మసకబారినప్పుడు కటకము వారికెట్లు తోడ్పడెనో ఇచట విచారింతము.

కండ్లద్దములు మనకు నిన్నమొన్నటివి కావు. కృష్ణదేవరాయల కాలమునాటి వ్యాసతీర్థులు గ్రంథపఠనమునకు వానిని వాడినట్లు సోమనాథకవి వ్యాసయోగిచరితము వలన తెలియుచున్నదని పరిశోధకులు పి.కె. గోడే గారు చూపిరి. అయితే అది రాజగురువునకు దక్కిన వస్తువు, సామాన్యునిది కాదు.

నీరు నింపిన గుండ్రని బుడ్డిని దీపమునకు కొంత దూరమున పట్టినచో, దాని వెనుక నుంచిన కాగితముపై దీపశిఖ తలక్రిందులుగా కానవచ్చును. దూరమునుండి వచ్చు కిరణములను నీటిగోళము తన వెనుక తలమునకు ఒక వ్యాసార్ధము ఆవల కూర్చును. గట్టి గాజుగోళమైనచో అర్ధవ్యాసార్ధము ఆవలనే. కాని గోళపు అంచులగుండా పోవు కిరణములు నడిమి కిరణములకంటె ముందుగా కలిసికొనును. అందుచే బింబము అలుకుకొనిపోవును. పెద్ద గోళముల తలములనుండి రెండు పలుచని తునకలు తీసి వీపువీపు చేర్చినట్లుండు సన్నని కటకమున ఈ దోషము మిక్కిలి తగ్గును. 10 సెంటీమీటర్ల నాభ్యంతరము గల కటకమునకు 30 సెంటీమీటర్ల దూరమున వస్తువు నుంచిన, ఆవల 15 సెంటీమీటర్లకు సగము పరిమాణమున తలక్రిందైన బింబము స్పష్టముగా ఏర్పడును.

కంటిలో నున్నదియు నిట్టి కటకమే. అది తెల్లబడుటయే శుక్లము. పూర్వము దానిని తీసివేసి, బదులుగా దళసరి అద్దముల నిచ్చెడివారు. వానిలో వస్తువులు రమారమి పాతికవంతు పెద్దవిగా కనబడెడివి. ఒక కంటికే చికిత్స జరిగినచో రెండు బింబములు పొసగెడివి కావు. అద్దములు పగిలిన పల్లెవానికి మరల చీకటియే! యుద్ధవిమానముల కిటికీల తునకలు కంటిలో గ్రుచ్చుకొన్నను బాధింపకుండుట గమనించి, లండనులో హెరాల్డ్ రిడ్లీ 1949 లో అట్టి పదార్థముతోనే చేసిన కటకమును కంటిలోపల అమర్చెను. బింబము మరల సహజ పరిమాణమునకు వచ్చుటకు కారణము, కటకము తన సహజస్థానమున నుండుటయే.

దానిని బీదవానికి అందించిన ఘనత మధురది. వడమలాపురమున 1918 లో జన్మించిన గోవిందప్ప వెంకటస్వామి గారు, కీళ్లవాతమున వ్రేళ్లు వంకరపోయినను శస్త్రచికిత్స మానక, 1976 లో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని స్థాపించిరి. 1992 లో వెలసిన ఆరోల్యాబ్ ఈ కటకములను విదేశపు ధరలో సుమారు పదవవంతునకే తయారు చేసెను. 1997 లో కోయంబత్తూరులో అవినాశి రోడ్డుపైనే ఆసుపత్రి శాఖ తెరచిరి.

అయినను ఈ కటకము సహజ కటకమువలె ఉబ్బి సన్నగిలునది కాదు. ఒకే దూరమునకు కుదురు సాధారణ కటకముతో పొలపుగట్టు చక్కగా కానవచ్చినను, సన్ననూలు చూచుటకు నేతగాడు మరల కండ్లద్దములు పెట్టుకొనవలసియే యుండును.