కొల్లేటికోట: నీళ్ళే గోడగా ఉన్న ఊరు

లంక అంటే నాకు మొదట రావణుడి ఊరే తెలుసు. మన డెల్టా తెలుగులో నీళ్ళ మధ్య ఉన్న మెరకను కూడా లంక అంటారు. ఏలూరు జిల్లాలో ఉన్న కొల్లేటికోట అలాంటి లంక గ్రామం. పోయిన సెలవుల్లో చూశాను.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దానిలోకి నీళ్ళు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీళ్ళను సముద్రానికి తీసుకెళ్తుంది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. ఫాల్గుణ మాసంలో జాతర జరుగుతుంది. ఒకప్పుడు ఇక్కడ గజపతుల కోట ఉండేదట. శత్రువులు నీళ్ళు దాటలేక, సరస్సును ఖాళీ చేయడానికి ఉప్పుటేరు తవ్వారని కథ చెబుతారు.

ఇక్కడ చేపలు పట్టేది ఎక్కువగా వడ్డీలు. తాటి దోనెలో వెళ్ళి మావులు పెట్టేవారు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బుట్ట. చేప లోపలికి వెళ్తుంది, బయటికి రాలేదు.

1976లో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చింది. తర్వాత బయటివాళ్ళ డబ్బు వచ్చింది, చెరువుల గట్లు పెరిగాయి. చేపలు పట్టే పని చేపలు పెంచే పనిగా మారింది. సరస్సు ఇరుకైపోయింది.

1999లో 308 చదరపు కిలోమీటర్లను పక్షుల కోసం అభయారణ్యం చేశారు. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు దాని హద్దు. దీన్ని కాంటూరు అంటారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో హద్దు లోపలి గట్లను కొట్టేశారు. సరస్సుకు అది అవసరమే. కానీ గట్టుతోపాటు చాలామందికి కూలి పని కూడా పోయింది. 2008లో శాసనసభ హద్దును 3 అడుగులకు తగ్గించాలని తీర్మానించింది. ఆ గొడవ ఇంకా ఉంది.

దోహాలో కార్మికుల కోసం కట్టిన ఏషియన్ టౌన్‌లో కైకలూరు వైపు నుంచి వచ్చిన ఒక బాబాయిని అడిగాను. “మా నాన్న మావులు అల్లేవాడు. నేను చెరువు మీద కూలీని. గట్టు పోయాక ఇటొచ్చాను” అన్నారు.

ఖతర్ ఉత్తరాన అల్ జుమైల్ అనే పాత జాలరి ఊరు ఉంది. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు, ఖాళీ గోడలే ఉన్నాయి. కొల్లేటికోటలో ఇంకా మనుషులున్నారు. హద్దు ఎక్కడ గీసినా, వాళ్ళు బతికే దారి కూడా ఆ లెక్కలో ఉండాలి.