దక్కన్ పెరటిలో ద్రాక్షతీగ

క్రీ.శ. 1327 ప్రాంతంలో సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ దేవగిరిని దౌలతాబాద్ పేరుతో రాజధానిగా చేసుకొన్నాడు. 1342లో ఢిల్లీ నుండి చీనాకు రాయబారిగా బయలుదేరిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా దౌలతాబాద్‌ను వర్ణిస్తూ, అక్కడ ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండు మార్లు కాస్తాయని తన యాత్రా గ్రంథంలో చెప్పాడు.

ఈ ఒక్క మాటను పట్టుకొని, ద్రాక్షను ఈ దేశానికి మొదట తెచ్చినవారు తుగ్లక్ కాలపు ముస్లింలేనని వ్రాసేవారున్నారు. అది సరికాదు. చరక సంహితలోనే ద్రాక్ష ప్రసక్తి ఉన్నది. ఇరాన్, తూరాన్ ప్రాంతాలనుండి వచ్చినవి కొన్ని మేలు జాతులు, వాటిని సాకే నేర్పు. ఆ గౌరవం చాలు, లేనిదాన్ని కలుపుకోనక్కరలేదు. ఆగ్రాలో తాను వేయించిన తోటలో ద్రాక్ష చక్కగా కాసినందుకు బాబర్ సంతోషించి తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. కాబూలు ద్రాక్ష రుచి ఎరిగినవాని సంతోషమది.

ఇబ్న్ బతూతా చూచిన రెండు కాపుల వెనుక దక్కన్ వాతావరణం ఉన్నది. కాబూలు, సమర్ఖందులలో చలికాలం రాగానే తీగ ఆకు రాల్చి నిద్రిస్తుంది. ఏడాదికొక కత్తిరింపు సరిపోతుంది. ఇక్కడ అంతటి చలి లేదు, తీగకు నిద్ర లేదు. దాని మానాన వదిలితే రెండు కాపులకు సిద్ధపడుతుంది. కాని వానల్లో పండిన గుత్తి పులుపెక్కి, పగిలి, కుళ్ళిపోతుంది. అందుచేత దక్కన్ తోటమాలులు రెండు మార్లు కత్తిరించి ఒక్క పంటే తీసుకొనే పద్ధతికి వచ్చారు. ఏప్రిల్‌లో కొమ్మను ఒకటి రెండు కన్నుల వరకు కురచగా కోస్తారు. ఆ ఎండల్లో వచ్చిన కొత్త కొమ్మల కన్నుల్లోనే రాబోయే గుత్తి రూపు కడుతుంది. అక్టోబరులో, వానలు వెనుకబట్టాక, మరికొన్ని కన్నులు నిలిపి రెండవ కోత కోస్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పండు చేతికి వస్తుంది. ఏప్రిల్ కోతను బద్ధకించినవారి పందిరి నిండా ఆకే మిగులుతుంది.

హైదరాబాదులో ఈ పంటకు పేరు తెచ్చినది అనాబె షాహీ. 1890లో అబ్దుల్ బాఖర్ ఖాన్ దీనిని నగరంలోని తన తోటలో నాటించాడు. అరబీలో ‘ఇనబ్’ అంటే ద్రాక్ష. రాచద్రాక్ష అని ఆ పేరుకు అర్థం. పొడవాటి గింజద్రాక్ష, తేనెరంగు, బరువైన గుత్తులు. ఒంటికాండాన్ని నిలువుగా పాకించి, రాతి స్తంభాలపై తీగెలు లాగిన పందిరి మీద పరిస్తే ఇంటికి నీడ, నోటికి పండు రెండూ దక్కుతాయి. దీని బలహీనత బూజు తెగులు. తేమ రోజుల్లో మైలతుత్తం, సున్నం కలిపిన ద్రావణం చల్లకపోతే ఆకుల అడుగున తెల్లబూజు పట్టి పూగుత్తులు మాడిపోతాయి.

ద్రాక్షపంటను తీగమీదనే అంచనా కట్టి, జకాత్‌ను కిస్మిస్ రూపంలో వసూలు చేయమన్న ఆదేశం హదీసు గ్రంథాలలో హజ్రత్ అత్తాబ్ బిన్ అసీద్ (రజి) ద్వారా వచ్చినది. దాని పరంపరలో తెగినచోటు ఉన్నదని ముహద్దిసులు ఎత్తిచూపారు. పొలంపంటలో పదోవంతును విధిగా చెప్పిన హనఫీ న్యాయవేత్తలు ఇంటి ఆవరణలోని చెట్టుకు ఆ విధి లేదన్నారు. ఇల్లు నివాసానికి, సేద్యానికి కాదనేది వారి వాదం. కనుక పెరటి పందిరి గుత్తులలో పొరుగువారికి ఎంత వెళ్ళాలన్నది యజమాని మనసుకే వదిలివేయబడింది.

గింజలేని థాంప్సన్ రకం బజారును ఆక్రమించుకొన్నాక, నగరం పెరిగి శివారు తోటలు ఇళ్ళస్థలాలయ్యాక, అనాబె షాహీ తగ్గిపోయింది. దీని గింజ నాటితే తల్లి గుణం నిలవదు. ముదురు కొమ్మ ముక్కనే నాటాలి. అక్టోబరు కోతలో కిందపడే కొమ్మలు అందుకు బాగా పనికివస్తాయి. నాలుగేసి కన్నులుండేలా ముక్కలు చేసి, రెండు కన్నులు మట్టిలో ఉండేట్లు గుచ్చి, తడి ఆరకుండా చూస్తే చాలు.