తారుబాట పగుళ్లు

బాట చెడుటకు మొదలు పగులు. వెండ్రుకవంటి చీలికలో వాననీరు దిగును, అడుగునేల మెత్తబడును, బండ్ల బరువునకు అచ్చట గుంట యేర్పడును. ఆ గుంటవలన ధాన్యము వేళకు సంతకు చేరదు, వైద్యుడు వేళకు ఊరికి రాడు. కావున ఈ పగులు నాపుటకు మానవుడు చేసిన యత్నముల చరిత్ర తెలియదగినది.

నేలనుండి ఊరు ఈ నల్లని జిగురు క్రొత్తది కాదు. 4,000 ఏండ్లకు పూర్వమే మొహెంజొదారో ప్రజలు తమ మహాస్నానఘట్టమున నీరింకకుండ దీనిని పూసిరి. బాబిలోను నగరమున ఇటుకలను అతికించుటకు వాడిరి.

19వ శతాబ్ది ఆదిని మకాడమ్ అను స్కాట్లండు దేశీయుడు చిన్నకంకరను పొరలుగా పఱపించి బాటలు వేయించెను. అవి గుఱ్ఱపుబండ్లకు నిలిచెను గాని, మోటారు వేగమునకు దుమ్మై లేచెను. 1870లో అమెరికాలోని న్యూవర్కు నగరమున డిస్మెట్ అను రసాయనవేత్త ఆస్ఫాల్టు బాట వేసెను. 1902లో మొనాకోలో గుగ్లియెల్మినెట్టి అను వైద్యుడు దుమ్మణచుటకై బాటపై బొగ్గుతారు పోయించెను.

దుమ్మణగెను, పగులు మిగిలెను. ఏల? ఎండకు, గాలికి తారు ముదిసి పెళుసగును, చలికి ముడుచుకొనును, లారీ పోయినప్పుడెల్ల వంగును. తుదకు చీలును. 1960 దశకమున ఫీనిక్సు నగరపు ఇంజనీరు చార్లెస్ మెక్డోనాల్డు పాతటైర్ల పొడిని కలిపి తారునకు సాగుగుణము చేకూర్చెను. మధురైలో ఆచార్య రాజగోపాలన్ వాసుదేవన్ పారవేసిన ప్లాస్టికును వేడికంకరకు పట్టించు పద్ధతి కనిపెట్టెను.

నేటి పరిశోధన నానోపదార్థములపై సాగుచున్నది. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. బంకమట్టిని అంత పలుచని రేకులుగా విడదీసి తారులో కలిపినచో, ప్రాణవాయువు ఆ రేకుల చుట్టు తిరిగి తిరిగి లోనికి పోవలయును. తారు ముదియుట ఆలస్యమగును. 1991లో జపాను శాస్త్రజ్ఞుడు ఇయిజిమా వర్ణించిన కర్బన నాళికలు మఱియొక సాధనము. గోడమట్టిలో మనము కలుపు గడ్డిపోచలవలె అవి చీలిక రెండంచులను పట్టి నిలుపును.

అయినను చిక్కులు లేకపోలేదు. ఆ పొడి సమముగా కలియక ఉండకట్టినచో అచ్చటనే పగులు మొదలగును. తారు మితిమీరి గట్టిపడిన, చలికి మఱింత త్వరగా చీలును. నాళికల వెలయు హెచ్చు.

ఏ మందు కలిపినను, నీరు నిలిచిన బాట నిలువదు. అడుగునేల పొడిగా నుండవలెనని మకాడమ్ ఆనాడే పట్టుబట్టెను. ఆ మాట నేటికిని చెల్లుచున్నది. బాటప్రక్క కాలువను పూడ్చి దొడ్డిగా చేసికొనువారిని వారించుటకు ప్రయోగశాల అక్కఱలేదు. ఊరి పెద్దల మాట చాలును.