అడిగినంతే చెప్పే పుస్తకం

మా గుంటూరు సీమలో ఆవకాయ పెట్టడం పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్ళు తక్కువ. చేతులకి కారం అంటుకుని వుండగానే “అత్తయ్యా, ఆవపిండి ఎంత?” అని కేకేస్తే చాలు. ఆవిడ మామిడికాయలు తుడవడం దగ్గర్నుంచి మొదలుపెట్టదు. అడిగినంతే చెబుతుంది. అచ్చు పుస్తకానికి ఆ నేర్పు లేదు. మహా అయితే “కారం సంగతి 14వ పేజీలో చూడుడు” అంటుంది. కారం చేత్తో పేజీలు తిప్పేదెలా, చెప్పండి!

కంప్యూటర్లవాళ్ళకీ ఇదే తిప్పలు వచ్చిపడింది. అమెరికాలో సింబాలిక్స్ అనే కంపెనీ యంత్రాన్ని వాడే తీరు చెప్పడానికి సుమారు 8,000 పేజీల పుస్తకాలు కావలసి వచ్చాయి. ఆ పని చూసినావిడ జానెట్ వాకర్. ఇంత గ్రంథాన్ని ఎవరూ మొదట్నుంచీ చదవరనీ, చిక్కొచ్చినప్పుడు వెతుక్కుంటారనీ ఆవిడ గ్రహించింది.

ఒక విషయానికి మరో విషయాన్ని ముడివేసే ఆలోచన అప్పటికే వుంది. వనేవర్ బుష్ 1945లోనే దాన్ని ఊహించి వ్యాసం రాశాడు. 1965లో టెడ్ నెల్సన్ దానికి హైపర్‌టెక్స్ట్ అని పేరు పెట్టాడు. పేరు కొత్తదే గానీ, మన నిఘంటువుల్లో “చూ.” అని వుంటుందే, దాని మనవరాలే ఇది!

వాకర్ బృందం ఆ గ్రంథాన్ని దాదాపు పదివేల చిన్న ముక్కలుగా రాసి, వాటి మధ్య 23,000 దాకా ముడులు వేసింది. 1985లో అది ‘డాక్యుమెంట్ ఎగ్జామినర్’ పేరుతో బయటికొచ్చింది. తెర మీద మాటని మౌస్‌తో చూపిస్తే ఆ సంగతి విప్పుకుంటుంది. మళ్ళీ కావలసిన చోట, మనం పుస్తకంలో నెమలీక పెట్టుకున్నట్టు, గుర్తూ పెట్టుకోవచ్చు.

నాకు ముచ్చటేసింది యంత్రం కాదు, ఆ రాతలో పడ్డ శ్రమ. ఇలా రాసేవాళ్ళు “పైన చెప్పుకున్నట్టు” అని తప్పించుకోవడానికి లేదు. పైన వున్నది చదివే వచ్చిందని ఏమిటి నమ్మకం? ప్రతి ముక్కా తన కాళ్ళమీద తాను నిలబడాలి. చదివేవాళ్ళ కష్టాన్ని రాసేవాళ్ళు నెత్తికెత్తుకోవడమన్నమాట. ఎన్ని వంటల పుస్తకాలవాళ్ళు అంత ఓపిక పట్టారో మీకే తెలుసు.

నాలుగేళ్ళకి, 1989లో, జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీకి ఇంకో బెంగ పట్టుకుంది. వచ్చినవాళ్ళు రెండేళ్ళకి వెళ్ళిపోతుంటే, వాళ్ళకి తెలిసిందీ వాళ్ళతోనే పోతోంది. అందుకని కాగితాలన్నిటినీ ఇలాగే ముడివేద్దామని ఓ ప్రతిపాదన రాసిచ్చాడు. ఇవాళ మన ఫోన్లలో తెరుచుకునే వెబ్ అందులోంచి పుట్టిందే. పై అధికారి మాత్రం ఆ కాగితం మీద, ఏమిటో స్పష్టంగా లేదు గానీ ఉత్సాహంగా వుంది అన్న అర్థం వచ్చేలా రెండు ముక్కలు గిలికి వూరుకున్నాడట.