సి.పి. బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) ఈస్టిండియా కంపెనీ న్యాయాధికారి, తెలుగు నిఘంటుకర్త, వేమన పద్యాల పరిష్కర్త. కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాడు.

1820లో కడప కలెక్టరు దగ్గర సహాయకుడిగా కొలువులో కుదిరాడు.   

తర్వాత మచిలీపట్నం, రాజమహేంద్రవరం వంటి చోట్ల న్యాయశాఖలో పనిచేశాడు. బ్రౌన్ పండితుల దగ్గర చదువుకున్నది కావ్యభాష. కచేరీకి వచ్చిన రైతు మాట్లాడేది వేరు. ఇక దస్తావేజుల నిండా ఫిర్యాదు, జామీను, వకాలతు, ముచ్చలిక వంటి పారసీ, హిందుస్తానీ మాటలే. పండితులు వీటిని తెలుగు కింద లెక్కగట్టేవారు కాదు. తీర్పు చెప్పవలసినవాడికి ఆ వెసులుబాటు లేదు. మాట అర్థం తప్పితే పొలం చేతులు మారుతుంది. ఈ మాటలన్నీ కూర్చి 1854లో మిశ్రభాషా నిఘంటువు అచ్చువేశాడు. 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుకు వచ్చినంత పేరు దీనికి రాలేదు గానీ, పాత రెవెన్యూ కాగితాలు చదవాలంటే ఈనాటికీ ఇది చేతికింద ఉండాల్సిందే.

వేమన పని 1824లో మొదలైంది. ఒక్క పద్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ తెప్పించి, పాఠభేదాలు పక్కపక్కన రాయించి, పండితులతో చర్చించి, శుద్ధప్రతి ఎత్తించేవాడు. అలా తేలిన 693 పద్యాలు 1829లో అచ్చయ్యాయి. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితులు లేనిదే ఈ కృషి సాగేది కాదు. బ్రౌన్ పేరు తలచినచోట వారి పేర్లూ తలవాలి. కడపలో తాను కొన్న బంగళాలో పండితులనూ లేఖకులనూ పెట్టుకుని, జీతాలు సొంత డబ్బుతో ఇచ్చాడు. అది చాలక అప్పులూ చేశాడు.

1834లో కొలువు పోయి లండన్ వెళ్లాడు. అక్కడా ఊరుకోలేదు, ఇండియా హౌస్ గ్రంథాలయంలోని తెలుగు రాతప్రతులను వెలికితీసి మద్రాసుకు పంపించాడు. తిరిగివచ్చి పారసీ అనువాదకుడిగా, పోస్టుమాస్టర్ జనరల్‌గా పనిచేశాడు. 1840లో వ్యాకరణం వెలువరించాడు. ఉద్యోగ విరమణ తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో వెలసిన గ్రంథాలయం ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం.